ఒక్క సంతకంతో అయిపోలేదు!

కొట్టు పెట్టి అప్పులపాలయ్యాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. మళ్లీ ఓడిపోయాడు. చివరికి అమెరికా అధ్యక్షుడయ్యాడు... అబ్రహాం లింకన్ గురించి ఇలాంటి మెసేజ్ మీ ఫోన్‌కి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. రిజల్ట్స్ రోజైతే ఎవరో ఒకరు తప్పకుండా పంపిస్తారు. కానీ ఆ మెసేజ్ ఆయన కుర్చీ ఎక్కడంతోనే ఆగిపోతుంది. అసలు పరీక్ష ఎదురైంది ఆ కుర్చీలో కూర్చున్నాకే.

1863 జనవరి 1. లింకన్ విమోచన ప్రకటనపై సంతకం చేసిన రోజు. సివిల్స్ మెయిన్స్ కోసం ప్రపంచ చరిత్ర చదివేవాళ్లకి ఈ తేదీ కంఠతా వచ్చు. అయితే ఆ సంతకంతోనే అమెరికాలో బానిసత్వం పోయిందని రాస్తే మాత్రం అది సగం జవాబే. మిగతా సగం ఏంటో చూద్దాం.

బడికి వెళ్లింది ఏడాది లోపే

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో, దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో పుట్టాడు. ఆ రాష్ట్రంలో మనుషుల్ని కొనడం, అమ్మడం చట్టబద్ధమే. ఆయనకి ఏడేళ్లప్పుడు కుటుంబం ఇండియానాకి తరలింది. తొమ్మిదేళ్లకే తల్లి నాన్సీ చనిపోయింది. తర్వాత వచ్చిన సవతి తల్లి సారా మాత్రం పిల్లాడి చదువు పిచ్చిని ప్రోత్సహించింది. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు. మిగతాదంతా పొలం పని మధ్యలో, అడిగి తెచ్చుకున్న పుస్తకాలతో సాగిన చదువే.

ఇరవై రెండేళ్లకి ఇల్లినాయిలోని న్యూసేలం అనే చిన్న ఊరికి చేరాడు. అక్కడ పెట్టిన కొట్టు మునిగిపోయింది. భాగస్వామి చనిపోవడంతో అతని బాకీ కూడా తనే నెత్తిన వేసుకుని ఏళ్ల తరబడి తీర్చాడు. ఊరి పోస్ట్‌మాస్టర్‌గా చేశాడు. పుస్తకాలు చదివి భూముల సర్వే నేర్చుకున్నాడు. లా కూడా అలాగే సొంతంగా చదివి 1836లో లాయర్ లైసెన్స్ సంపాదించాడు. కాలేజీ గడప తొక్కని ఆ మనిషి పాతికేళ్ల పాటు కోర్టుల్లో వాదించాడు. ఏ మాటకి చట్టం బలం ఉంది, ఏది కోర్టులో నిలబడదు అన్న లెక్క అక్కడే ఒంటబట్టింది. ఆ లెక్కే తర్వాత దేశానికి పనికొచ్చింది.

1858లో సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయాడు. కానీ అప్పుడు స్టీఫెన్ డగ్లస్‌తో జరిగిన ఏడు చర్చలు ఆయన పేరుని దేశమంతా వినిపించాయి. 1860 నవంబరులో అధ్యక్షుడిగా గెలిచాడు.

చేతిలో ఉన్న అధికారం ఎంత?

అప్పటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. కొత్త ప్రాంతాలకి బానిసత్వం పాకకూడదన్నది లింకన్ మాట. అది కూడా దక్షిణాదికి మింగుడుపడలేదు. ఆయన ప్రమాణస్వీకారం చేసేలోపే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ మీద కాల్పులతో అంతర్యుద్ధం మొదలైంది. తిరుగుబాటు రాష్ట్రాలు మొత్తం పదకొండయ్యాయి.

మరి లింకన్ వెంటనే బానిసత్వం రద్దు చేసేయొచ్చు కదా? కుదరదు. అది రాష్ట్రాల పరిధిలోని విషయం, అధ్యక్షుడి ఆర్డర్‌తో పోయేది కాదు. పైగా కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్‌లలో బానిసత్వం ఉన్నా అవి కేంద్రం వైపే నిలిచాయి. వాటిని దూరం చేసుకుంటే యుద్ధమే చేజారుతుంది. అందుకే ఇద్దరు జనరళ్లు తొందరపడి తమ ప్రాంతాల్లో బానిసలకి విముక్తి ప్రకటిస్తే, ఒకరి ఉత్తర్వుని మార్పించాడు, ఇంకొకరిది రద్దు చేశాడు. ఒకప్పుడు బానిసగా బతికి, తప్పించుకొచ్చి పత్రిక నడుపుతున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఈ నాన్చుడు మీద మండిపడ్డాడు. విముక్తి పొందిన నల్లజాతివాళ్లని వేరే దేశాలకి పంపాలన్న ఆలోచనని కూడా లింకన్ కొంతకాలం సమర్థించాడు. ఆయన జీవితంలో దాచాల్సిన పనిలేని మచ్చ ఇది.

దారి చూపించింది బానిసలే. 1861 మేలో ముగ్గురు వర్జీనియాలోని ఫోర్ట్ మన్రోకి పారిపోయి వచ్చారు. శత్రువు తన కోటల పనికి వాడుకుంటున్న మనుషుల్ని తిరిగి అప్పగించేది లేదన్నాడు అక్కడి జనరల్ బట్లర్. ఆయనా లాయరే. ఆ కబురు పాకింది. వేలమంది కేంద్ర సైన్యం శిబిరాలకి రావడం మొదలైంది. వాళ్ల చెమటే తిరుగుబాటుదారుల బలం అని అందరికీ అర్థమైంది. లింకన్‌కి చట్టంలో సందు దొరికింది అక్కడే. అధ్యక్షుడిగా రద్దు చేసే హక్కు లేదు. కానీ సర్వసైన్యాధ్యక్షుడిగా శత్రువు బలాన్ని లాక్కునే హక్కు ఉంది!

డ్రాయర్‌లో రెండు నెలలు

1862 జులై 22న లింకన్ ముసాయిదాని కేబినెట్ ముందు పెట్టాడు. ఓటముల మధ్య ప్రకటిస్తే చేతకాక చేసినట్టుంటుంది, ఒక గెలుపు వచ్చేదాకా ఆగమన్నాడు విదేశాంగ మంత్రి సీవర్డ్. లింకన్ ఆగాడు. సెప్టెంబరు 17న యాంటీటమ్ దగ్గర ఒక్కరోజులోనే రెండు వైపులా కలిపి దాదాపు 23 వేల మంది చనిపోయారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. దక్షిణాది సైన్యం వెనక్కి తగ్గింది. ఐదు రోజులకే తొలి ప్రకటన వచ్చింది. జనవరి 1 నాటికి తిరుగుబాటులో ఉన్న ప్రాంతాల్లోని బానిసలంతా స్వేచ్ఛాపరులే అన్నది దాని సారాంశం.

ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీ సీట్లు పోగొట్టుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు. కొత్త సంవత్సరం రోజు వైట్‌హౌస్‌లో గంటల తరబడి కరచాలనాలు చేసి ఆయన చెయ్యి వణికింది. సంతకం వంకర పోతే మనసు తటపటాయించిందనుకుంటారని కాసేపు ఆగి, నిదానంగా పూర్తి పేరు రాశాడు.

ప్రకటనలో లేనిదేంటి?

కేంద్రం వైపున్న నాలుగు రాష్ట్రాలకి అది వర్తించలేదు. టెన్నెసీతో పాటు, సైన్యం అప్పటికే పట్టుకున్న లూసియానా, వర్జీనియా ప్రాంతాలు కొన్నింటిని మినహాయించారు. అంటే ఆయన పుట్టిన కెంటకీలో ఒక్క బానిసకీ దాంతో విముక్తి రాలేదు. కానీ దక్షిణ కరోలినా తీరం లాంటి చోట్ల ఆ రోజే వేలమందికి స్వేచ్ఛ వచ్చింది. మిగతాచోట్ల సైన్యం ఎంత ముందుకెళితే స్వేచ్ఛ అంత ముందుకెళ్లింది. నల్లజాతివాళ్లు సైన్యంలో చేరేందుకు తలుపులు తెరిచింది కూడా ఆ ప్రకటనే. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది చేరారు. 1864 వరకు వాళ్లకి తెల్ల సైనికుల కంటే తక్కువ జీతమే ఇచ్చినా పోరాడారు.

సంతకం తర్వాత అసలు పని

యుద్ధం కోసం వాడిన అధికారం యుద్ధం అయ్యాక కోర్టులో నిలబడుతుందా? లాయర్ లింకన్‌ని తొలిచేసిన ప్రశ్న ఇది. జవాబు రాజ్యాంగ సవరణే. 1864 ఏప్రిల్‌లో సెనేట్ ఆమోదించింది. జూన్‌లో ప్రతినిధుల సభలో వీగిపోయింది. ఆ ఆగస్టులో తను మళ్లీ గెలవనేమో అని కూడా ఆయన అనుకున్నాడు. గెలిచాడు. గెలిచిన వెంటనే ఒక్కో సభ్యుడినీ ఒప్పించే పనిలో పడ్డాడు. 1865 జనవరి 31న 119-56 ఓట్లతో 13వ సవరణ నెగ్గింది.

ఏప్రిల్ 14న ఫోర్డ్స్ థియేటర్‌లో ఆయనపై కాల్పులు జరిగాయి. మర్నాడు ఉదయం కన్నుమూశాడు. 56 ఏళ్లు. డిసెంబరు 6న సరిపడా రాష్ట్రాలు ఆమోదించి సవరణ అమల్లోకి రావడం ఆయన చూడలేదు. కెంటకీలో బానిసత్వం పోయింది అప్పుడే.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే నెలలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. లింకన్ కూడా ఎదురుచూశాడు, కానీ ముసాయిదా డ్రాయర్‌లో సిద్ధంగా పెట్టుకుని. ఒక్కటి మర్చిపోకండి. ఆ ఎదురుచూపు ఖరీదు కట్టింది ఆయన కాదు, అప్పటికీ సంకెళ్లలో ఉన్నవాళ్లు. అందుకే సంతకం అయ్యాక ఆయన విశ్రాంతి తీసుకోలేదు.

గుర్తుంచుకోండి
• 1862 సెప్టెంబరు 22: తొలి ప్రకటన
• 1863 జనవరి 1: తుది విమోచన ప్రకటన
• 1865 జనవరి 31: 13వ సవరణకి ప్రతినిధుల సభ ఆమోదం
• 1865 జూన్ 19: టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో విముక్తి ప్రకటన. జూన్‌టీన్త్ పేరుతో 2021 నుంచి అమెరికాలో జాతీయ సెలవు
• 1865 డిసెంబరు 6: 13వ సవరణకి రాష్ట్రాల ఆమోదం పూర్తి