గాజులో హరివిల్లు: లూయీ కంఫర్ట్ టిఫానీ

పగిలిన గాజును పారవేయడం లోకసహజం. కానీ శతాబ్దాల పాటు మట్టిలో మరుగున పడిన గాజుపాత్రలో సౌందర్యాన్ని దర్శించి, ఆ సౌందర్యాన్ని తన కొలిమిలో తిరిగి సృష్టించిన మహాశిల్పి లూయీ కంఫర్ట్ టిఫానీ. ప్రాచీన కళాఖండాలను ఆయన ప్రాణప్రదంగా సేకరించాడు. ఆయన చేయించిన వస్తువులను నేడు ప్రపంచం సేకరిస్తున్నది. ఈ రెండింటి నడుమ ఆయన కీర్తి ఎంత ఎత్తుకు ఎదిగిందో, ఎంత లోతుకు పడిపోయిందో తెలుసుకోవడం విద్యార్థులకు ఆసక్తికరం.

టిఫానీ 1848 ఫిబ్రవరి 18వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ లూయిస్ టిఫానీ సుప్రసిద్ధ రత్నాభరణాల వ్యాపారి. ఏ లోటూ లేని ఇల్లు, సిద్ధంగా ఉన్న వ్యాపారం. అయినా కుమారుని మనస్సు ఆ వైపు మరలలేదు. చిత్రకారుడు కావాలని ఆయన సంకల్పం. జార్జ్ ఇన్నెస్ వంటి చిత్రకారుల వద్ద శిక్షణ పొంది, 1868లో పారిస్ చేరి అభ్యాసం కొనసాగించాడు. 1870లో ఉత్తర ఆఫ్రికాలో పర్యటించాడు. అక్కడి ఎండ వెలుగు, కట్టడాల వర్ణవైభవం ఆయన హృదయంపై చెరగని ముద్ర వేశాయి.

కాలక్రమేణా ఆయన దృష్టి గృహాలంకరణ వైపు మళ్ళింది. 1882లో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ కోరికపై వైట్‌హౌస్‌లోని గదులను అలంకరించి, ప్రవేశమందిరంలో రంగుగాజు తెరను నిర్మించాడు. చిత్రపటంపై రంగు వెలుగును ప్రతిఫలింపజేస్తుంది. గాజులోని రంగు వెలుగును తనలో నింపుకొంటుంది. ఈ సత్యం గ్రహించిన టిఫానీకి గాజే జీవితధ్యేయమైనది.

ఆయనకు మార్గం చూపినవి రోమన్ల కాలం నాటి గాజుపాత్రలు. చిరకాలం భూమిలో ఉండిపోయిన గాజు నుండి తేమ కారణంగా క్షారలవణాలు కరిగిపోతాయి. ఉపరితలంపై అతి పలుచని పొరలు ఏర్పడతాయి. ఆ పొరలపై పడిన వెలుగు చీలి, నెమలికంఠం పట్టుచీర వలె చూసే కోణాన్ని బట్టి రంగులు మారుస్తుంది. ప్రకృతి వందల ఏండ్లు శ్రమించి సాధించిన ఈ మెరుపును కొలిమి వద్దనే సాధించాలని ఐరోపాలో కొందరు అప్పటికే ప్రయత్నించారు. టిఫానీ ఆ కృషిని పరాకాష్ఠకు చేర్చాడు. న్యూయార్క్‌లోని కరోనా అనే చోట కొలుములు నెలకొల్పి, ఇంగ్లండు నుండి వచ్చిన నిపుణుడు ఆర్థర్ నాష్‌కు వాటి బాధ్యత అప్పగించాడు. కరిగిన గాజులో లోహలవణాలను కలిపి, వేడిగా ఉన్న పాత్రకు లోహక్లోరైడుల ఆవిరి పట్టించే విధానం అక్కడ రూపుదిద్దుకున్నది. చేతితో చేసినది అనే అర్థం వచ్చేటట్లు ఆ గాజుకు ఫావ్రైల్ అని పేరు పెట్టి, 1894లో ఆ పేరును నమోదు చేయించాడు. 1900లో జరిగిన పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆయనకు అత్యున్నత పురస్కారం లభించింది.

ఈ కీర్తి వెనుక అనేకుల శ్రమ ఉన్నది. ఆయన సంస్థలో 1892 నుండి స్త్రీల విభాగం ఒకటి పనిచేసింది. గాజురేకుల నుండి సరియైన ఛాయను ఎంచి, ముక్కలుగా కోసి, అంచులకు రాగిరేకు చుట్టి అమర్చడం వారి పని. వివాహమైన స్త్రీకి అక్కడ ఉద్యోగం లేదు. ఆ విభాగానికి నాయకత్వం వహించిన క్లారా డ్రిస్కాల్ తూనీగల దీపం, విస్టీరియా పూలగుత్తుల దీపం వంటివి రూపొందించింది. లోకం మాత్రం వాటిని టిఫానీ పేరుతోనే ఎరిగినది. ఆమె ఉత్తరాలు వెలుగు చూసిన తరువాత, 2007లో న్యూయార్క్‌లో జరిగిన ప్రదర్శనతో ఆమె ప్రతిభకు తగిన గుర్తింపు లభించింది.

ధనికులకే అందుబాటులో ఉన్న ఈ మెరుపును 1907 ప్రాంతంలో ఫెంటన్ వంటి అమెరికన్ సంస్థలు అచ్చుగాజుపై లోహలవణాలు చల్లి చౌకగా తయారుచేయసాగాయి. తరువాతి కాలంలో సేకర్తలు దానిని కార్నివాల్ గాజు అని పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధానంతరం ప్రజల అభిరుచి మారి, అలంకారం లేని సాదా వస్తువులకు ఆదరణ పెరిగింది. టిఫానీ స్టూడియోస్ 1932లో దివాలా తీసింది. 1933 జనవరి 17వ తేదీన, 84వ ఏట, ఆయన కన్నుమూశాడు.

లాంగ్ ఐలండ్‌లో ఆయన నిర్మించుకున్న లారెల్టన్ హాల్ భవనంలోని కళాఖండాలు 1946లో వేలానికి వెళ్ళాయి. 1957లో ఆ భవనం అగ్నికి ఆహుతి అయినది. ఒకప్పుడు విద్యార్థిగా అక్కడ గడిపిన హ్యూ మెకీన్, ఆయన భార్య జెనెట్ ఆ శిథిలాల నుండి మిగిలిన గాజుకిటికీలను, స్తంభాలను కొని కాపాడారు. ఫ్లోరిడాలోని మోర్స్ మ్యూజియంలో అవి నేటికీ వెలుగులీనుతున్నాయి. ఎవరూ పట్టించుకోని 1935లో ఎగన్ న్యూస్టాట్ అనే వైద్యుడు పాత సామానుల దుకాణంలో పన్నెండున్నర డాలర్లకు ఒక టిఫానీ దీపం కొన్నాడు. 1997లో ఒక పద్మదీపం వేలంలో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

దీపం మారలేదు, చూసే కన్ను మారింది. వస్తువు విలువను అంగడి నిర్ణయించవచ్చు గాని, దాని గుణాన్ని నిర్ణయించేది దానిని చేసిన చేతులే. జనాదరణ లేని రోజులలో ఆ గుణాన్ని గుర్తించి భద్రపరచిన సేకర్తలు కూడా కళాకారులతో సమానంగా స్మరణీయులు.