తల్లుల ప్రాణదాత డాక్టర్ సెమ్మెల్‌వైస్

ఇప్పుడు ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్ళినా ఆపరేషన్ గది బయట కుళాయి, సబ్బు, చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మల పటం కనిపిస్తాయి. రోగిని ముట్టుకొనే ముందు, ముట్టుకొన్న తర్వాత డాక్టరైనా, నర్సైనా చేతులు శుభ్రం చేసుకోవాలన్నది ఎవరూ కాదనలేని నియమం. కాని ఈ చిన్న నియమం కోసం పట్టుబట్టిన ఒక డాక్టరు తన ఉద్యోగాన్ని, పేరును, చివరకు మనశ్శాంతిని కూడా పోగొట్టుకొన్నారు. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. లోకం ఆయన్ను తల్లుల ప్రాణదాత అని పిలిచింది, కాని ఆయన బ్రతికి ఉండగా కాదు.

సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1వ తేదీన హంగేరీ దేశంలోని బూదా పట్టణంలో ఒక కతోలిక కుటుంబంలో జన్మించారు. ఆ బూదా, నదికి ఆవలి ఒడ్డున ఉన్న పెస్ట్ పట్టణం కలిసి తరువాతి కాలంలో బుడాపెస్ట్ నగరమయ్యాయి. తండ్రి కిరాణా వ్యాపారి. పదిమంది సంతానంలో ఇగ్నాజ్ ఐదవవాడు. 1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళిన ఆ యువకుడు కొద్దికాలానికే మనసు మార్చుకొని వైద్యవిద్యలో చేరి, 1844లో పట్టా పుచ్చుకొన్నారు. 1846 జూలైలో వియన్నా జనరల్ ఆసుపత్రిలో మొదటి కాన్పుల వార్డుకు ప్రొఫెసర్ యోహాన్ క్లైన్ గారి క్రింద సహాయకుడిగా నియమితులయ్యారు.

ఆ ఆసుపత్రి ఐరోపాలోనే పేరు పొందినది. పేద స్త్రీలకు అక్కడ ఉచితంగా పురుడు పోసేవారు. కాన్పుల వార్డులు రెండు. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసాని పని నేర్చుకొనే స్త్రీలు శిక్షణ పొందేవారు. ఒకరోజు వచ్చిన గర్భిణులను మొదటి వార్డులోను, మరునాడు వచ్చినవారిని రెండవ వార్డులోను చేర్చుకొనేవారు. అంటే ఏ తల్లి ఏ వార్డుకు వెళుతుందో నిర్ణయించేది ఆమె నొప్పులు మొదలైన రోజే తప్ప వేరొకటి కాదు.

ఆ రోజుల్లో బాలింత జ్వరం తల్లుల పాలిట మృత్యువు. ప్రసవమైన రెండు మూడు రోజులకు చలి, తీవ్రమైన జ్వరం, కడుపులో భరించలేని నొప్పి. వారం తిరక్కుండానే మరణం. తల్లితోపాటు చాలాసార్లు బిడ్డ కూడా పోయేది. 1841 నుండి 1846 వరకు ఆరేళ్ళలో మొదటి వార్డులో జరిగిన 20,042 కాన్పులలో 1,989 మంది తల్లులు మరణించారు. అదే కాలంలో రెండవ వార్డులో 17,791 కాన్పులకు 691 మంది పోయారు. మొదటి దానిలో నూటికి పదిమంది, రెండవ దానిలో నూటికి నలుగురు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. మొదటి వార్డులో చేర్చవద్దని స్త్రీలు మోకాళ్ళ మీద పడి బ్రతిమాలేవారు. ఆసుపత్రికి వస్తూ దారిలోనే ప్రసవించిన తల్లులకు ఈ జ్వరం అరుదుగా వచ్చేది. చదువుకొన్న డాక్టర్ల చేతుల్లోకన్నా వీధిలో కన్నతల్లికే ప్రాణభయం తక్కువ! ఈ మాట యువ డాక్టరు సెమ్మెల్‌వైస్‌కు నిద్ర లేకుండా చేసింది.

కారణం ఏమిటి? గాలిలోను, భూమిలోను ఉండే ఏవో దుష్ప్రభావాలే అన్నారు పెద్దలు. అయితే రెండు వార్డులు ఒకే కప్పు క్రింద ఉన్నాయి గదా, ఆ గాలి ఒక వార్డును వదిలి మరొక వార్డునే ఎలా పట్టుకొంటుంది? జనం క్రిక్కిరిసి ఉండడం కారణమన్నారు. నిజానికి రెండవ వార్డులోనే రద్దీ ఎక్కువ. ఆహారం రెండుచోట్లా ఒకటే. విద్యార్థులు మోటుగా పరీక్షిస్తున్నారన్నారు. విద్యార్థుల సంఖ్య సగానికి తగ్గించినా మరణాలు ఆగలేదు. రెండవ వార్డులో తల్లులను ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి పురుడు పోస్తున్నారని గమనించి, మొదటి వార్డులోనూ అలాగే చేయించారు. ఫలితం లేదు.

ఇక్కడ గురువులమైన మాకు సంబంధించిన విషయం కూడా ఒకటి ఉంది. మరణావస్థలో ఉన్న తల్లికి చివరి సంస్కారాలు ఇవ్వడానికి గురువు వచ్చేటప్పుడు ఆయన ముందు ఒక సహాయకుడు గంట మ్రోగిస్తూ నడిచేవాడు. రెండవ వార్డులో గురువు నేరుగా రోగుల గదికి చేరుకోగలిగేవారు. మొదటి వార్డులో మాత్రం ఐదు గదులు దాటి వెళ్ళవలసి వచ్చేది. ఆ గంట విన్న ప్రతి తల్లీ ఈసారి ఎవరి వంతో అని వణికిపోయేది. ఆ భయమే జ్వరానికి కారణమవుతోందేమో అనుకొన్నారు సెమ్మెల్‌వైస్. గురువుగారిని కలిసి గంట లేకుండా, చుట్టుదారిన, చప్పుడు చేయకుండా రమ్మని కోరారు. ఆయన అలాగే చేశారు. మరణాలు తగ్గలేదు. గురువుగారి గంట నిర్దోషి అని తేలింది. అయినా ఒక డాక్టరు చెప్పిన మాటను మన్నించి, రోగుల మేలు కోసం తన అలవాటు మార్చుకొన్న ఆ గురువును కూడా మనం మరచిపోకూడదు. ఆ పాటి వినయం తరువాత కొందరు ప్రొఫెసర్లకు లేకపోయింది.

ఒక్కొక్క కారణాన్ని తీసుకొని, అది నిజమైతే ఏం జరగాలో ఆలోచించి, జరగకపోతే దాన్ని ప్రక్కన పెట్టడం మంచి తర్కపద్ధతి. కార్ల్ హెంపెల్ అనే తత్వవేత్త 1966లో విజ్ఞానశాస్త్ర తత్వం మీద వ్రాసిన పుస్తకంలో ఈ కథనే ఉదాహరణగా తీసుకొన్నారు. అయితే తర్కం తప్పుడు దారులను మూసింది గాని సరైన దారిని ఇంకా తెరవలేదు. ఆ దారిని తెరచింది ఒక స్నేహితుని మరణం.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ కొద్దిరోజులు విశ్రాంతికి వెనిస్ నగరం వెళ్ళి వచ్చారు. తిరిగి వచ్చేసరికి ఆయన గౌరవించే ప్రొఫెసర్ యాకోబ్ కొలెచ్కా చనిపోయారని తెలిసింది. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకొంది. ఆ గాయం నుండి విషం శరీరమంతా పాకింది. దుఃఖంలోనే సెమ్మెల్‌వైస్ ఆయన శవపరీక్ష నివేదికను చదివారు. బాలింత జ్వరంతో చనిపోయిన తల్లుల దేహాల్లో కనిపించే మార్పులే అక్కడా ఉన్నాయి. పురుషుడైన ప్రొఫెసరుకు, పురిటి తల్లికి ఒకే జబ్బు! కత్తితోపాటు శవంలోని కుళ్ళు ఆయన రక్తంలో చేరింది. మరి తల్లుల రక్తంలోకి ఆ కుళ్ళును చేర్చిందెవరు?

జవాబు ఆయన కళ్ళముందే ఉంది. వైద్య విద్యార్థులు, డాక్టర్లు ఉదయాన్నే శవపరీక్షలు చేసి, నేరుగా కాన్పుల వార్డుకు వచ్చి గర్భిణులను పరీక్షించేవారు. చేతులు సబ్బుతో కడుగుకొన్నా శవం వాసన వాటిని వదిలేది కాదు. మంత్రసానులు శవాలను ముట్టుకొనేవారు కాదు. అందుకే రెండవ వార్డు తల్లులు బ్రతికారు.

1847 మే నెల మధ్యనుండి ఆయన కట్టుదిట్టమైన నియమం పెట్టారు. వార్డులోకి వచ్చే ప్రతివారూ క్లోరిన్ కలిపిన నీళ్ళలో చేతులు కడుక్కోవాలి. క్లోరిన్ నీళ్ళు ఖరీదనిపించగా తరువాత క్లోరిన్ పట్టించిన సున్నం వాడారు. అది మరేదో కాదు, వానాకాలంలో మన ఊరి బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరే. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో రెండుకు, జూలైలో ఒకటికి దిగివచ్చాయి. 1848 సంవత్సరం మొత్తంమీద మొదటి వార్డులో 3,556 కాన్పులకు 45 మంది, రెండవ వార్డులో 3,219 కాన్పులకు 43 మంది మరణించారు. రెండు వార్డులూ సమానమయ్యాయి. ఆ ఏడాది రెండు నెలలు మొదటి వార్డులో ఒక్క తల్లి కూడా బాలింత జ్వరంతో చనిపోలేదు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. 1847 అక్టోబరులో గర్భసంచి క్యాన్సరుతో కుళ్ళు కారుతున్న ఒక రోగిని వార్డులో మొదటి పడకపై చేర్చారు. డాక్టర్లు ఆమెను పరీక్షించి, సబ్బుతో మాత్రమే చేతులు కడుక్కొని తక్కిన తల్లులను పరీక్షించారు. ఆ వరుసలోని 12 మందిలో 11 మంది చనిపోయారు. విషం శవం నుండే కాదు, బ్రతికి ఉన్న రోగి నుండి కూడా వస్తుందని అప్పుడు తెలిసింది. ఒక రోగిని పరీక్షించిన తర్వాత మరొకరిని ముట్టుకొనే ముందు ప్రతిసారీ క్లోరిన్‌తో కడగాలన్న నియమం అలా పుట్టింది. నేటి ఆసుపత్రులు పాటించే మూలసూత్రం ఇదే.

ఇంత స్పష్టమైన రుజువును డాక్టర్లు ఎందుకు అంగీకరించలేదు? క్రిముల సంగతి అప్పటికింకా తెలియదు కాబట్టి, కంటికి కనబడని మాలిన్యం ఎలా చంపుతుందని కొందరు న్యాయంగానే అడిగారు. కాని అసలు కష్టం వేరు. ఆయన మాటను ఒప్పుకోవడమంటే, నేను ఇన్నాళ్ళూ నా చేతులతోనే తల్లులను చంపాను అని ఒప్పుకోవడం. ఆ చేతులు చెడ్డవారివి కావు, ప్రాణం పోయాలని చదువుకొన్న మంచివారివి. అందుకే ఆ నిజం మింగుడుపడలేదు.

సెమ్మెల్‌వైస్ తనను మినహాయించుకోలేదు. కారణం వెదకాలన్న తపనతో చాలామందికన్న ఎక్కువ శవపరీక్షలు చేసినవాడు తాను. తన మూలంగా ఎందరు తల్లులు అకాలంగా సమాధికి వెళ్ళారో దేవునికే తెలుసునని తన పుస్తకంలో దాచకుండా వ్రాసుకొన్నారు. జర్మనీలోని కీల్ నగరంలో మిఖాయెలిస్ అనే డాక్టరు ఆయన మాట నమ్మి తన ఆసుపత్రిలో క్లోరిన్ పద్ధతి ప్రవేశపెట్టారు. కాని తాను పురుడు పోసిన తన బంధువే అంతకు ముందు ఈ జ్వరంతో చనిపోయింది. ఆ దుఃఖాన్ని భరించలేక 1848లో ఆయన రైలు క్రింద పడి మరణించారు. తప్పు తెలిసినవాడికి దానిని దించుకొనే చోటు, ఓదార్చే మనిషి దొరకకపోతే ఎంత ప్రమాదమో ఈ సంఘటన చెబుతుంది.

స్కోడా, రొకితాన్‌స్కీ, హెబ్రా వంటి గొప్ప వైద్యులు సెమ్మెల్‌వైస్‌ను సమర్థించినా, క్లైన్ గారు ఒప్పుకోలేదు. 1849 మార్చిలో గడువు తీరగానే ఉద్యోగాన్ని పొడిగించలేదు. మళ్ళీ బోధించే అనుమతి అడిగితే బొమ్మల మీద మాత్రమే పాఠం చెప్పవచ్చునన్న షరతుతో ఇచ్చారు. మనసు విరిగి, 1850 అక్టోబరులో స్నేహితులకైనా చెప్పకుండా ఆయన స్వదేశానికి వెళ్ళిపోయారు.

పెస్ట్ నగరంలో పునీత రోక్ పేరిట ఉన్న ఆసుపత్రిలో 1851 నుండి జీతం లేకుండా కాన్పుల వార్డు బాధ్యత తీసుకొన్నారు. 1855 వరకు అక్కడ జరిగిన 933 కాన్పులలో బాలింత జ్వరంతో పోయినవారు ఎనిమిది మందే. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. 1857లో మారియా అనే యువతిని వివాహమాడారు. ఐదుగురు పిల్లలు పుట్టగా ఇద్దరు పసితనంలోనే పోయారు.

ఆయనలోని లోపాలను కూడా చెప్పుకోవాలి. తాను కనుగొన్నదానిని పుస్తకంగా వ్రాయడానికి 1861 వరకు, అంటే పద్నాలుగేళ్ళు ఆలస్యం చేశారు. ఆ లోగా ఆయన మాటలను ఇతరులు తప్పుగా అర్థం చేసుకొన్నారు. పుస్తకాన్ని పెద్దలు పట్టించుకోనప్పుడు, ఐరోపాలోని ప్రసూతి ప్రొఫెసర్లను హంతకులని నిందిస్తూ బహిరంగ లేఖలు వ్రాశారు. నిజం ఆయన పక్షాన ఉంది, ఓర్పు మాత్రం కరవైంది. ప్రతిరోజూ ఎక్కడో ఒక తల్లి చనిపోతోందని తెలిసినవాడికి ఓర్పు ఎలా వస్తుందని మనం ఆయన తరపున అడగవచ్చు. అయినా నింద విన్నవాడు చెవులు మూసుకొంటాడే గాని చేతులు కడుక్కోడు.

1865 నాటికి ఆయన మానసిక స్థితి బాగా దెబ్బతింది. జూలై చివరలో వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అక్కడ కాపలాదారులు ఆయన్ను కొట్టారని చరిత్రకారులు చెబుతారు. ఒంటిమీది గాయం కుళ్ళి, ఆ విషం రక్తంలో చేరింది. ఏ జబ్బు నుండి తల్లులను కాపాడారో దాదాపు అదే జబ్బుతో 1865 ఆగస్టు 13న, 47 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు సమాధి చేశారు. వచ్చినవారు కొద్దిమందే.

ఆయన మరణానికి ముందురోజే స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, బండి చక్రం క్రింద కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుని గాయానికి కార్బాలిక్ ఆసిడ్‌తో కట్టు కట్టారు. ఆ కాలు బాగుపడింది. 1879లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన క్రిమిని చూపించారు. సెమ్మెల్‌వైస్ చెప్పినది నిజమని లోకం అంగీకరించింది. 1964లో ఆయన అస్థికలను బుడాపెస్ట్‌లో ఆయన పుట్టిన ఇంటికే చేర్చారు. నేడు ఆ ఇల్లు వైద్యచరిత్ర మ్యూజియం. 1969 నుండి అక్కడి వైద్య విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే నడుస్తోంది.

పని ఇంకా పూర్తికాలేదు. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మంది రోగులలో ధనిక దేశాల్లో ఏడుగురికి, మనవంటి దేశాల్లో 15 మందికి అక్కడే కొత్తగా ఏదో ఒక ఇన్ఫెక్షన్ అంటుకొంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలియజేసింది. వాటిలో చాలా భాగం శుభ్రమైన చేతులతో ఆపగలిగినవే.

కాబట్టి చదువరులారా, పురిటిబిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు, ముందు చేతులు కడుక్కురండి అని నర్సమ్మ అంటే చిన్నబుచ్చుకోకండి. బిడ్డ అమ్మమ్మయినా, నాయనమ్మయినా, దీవెన ఇవ్వడానికి వచ్చిన గురువైనా సరే. డాక్టరుగారు చేతులు కడుక్కోవడం మరచిపోతే మర్యాదగా గుర్తు చేయడానికి వెనుకాడకండి. రాత్రి ప్రార్థన వేళ ఆత్మపరిశీలన చేసుకొనేటప్పుడు, మన వల్ల కూడా, మనం మంచిదనుకొని చేసిన పని వల్ల కూడా ఎవరికైనా హాని జరిగిందా అని ఒక్క క్షణం అడుగుదాం. జరిగిందని తెలిస్తే ఒప్పుకొని మార్చుకొందాం. వియన్నా ప్రొఫెసర్లు ఆ ఒక్క పని చేసి ఉంటే ఎన్నో ఇళ్ళలో తల్లులు మిగిలేవారు.