మన్యం అడవికి ప్రాణమిచ్చిన అల్లూరి

నర్సీపట్నం దాటి చింతపల్లి దారి పట్టగానే కొండలు ఎదురవుతాయి. అవి తూర్పు కనుమలు. దిగువన మన పొలాలకు నీరిచ్చే తాండవ, వరాహ నదులు ఆ కొండల్లోనే పుట్టాయి. వందేళ్ల క్రితం అల్లూరి సీతారామరాజు తెల్లదొరలతో పోరాడింది ఆ కొండల్లోనే. ఆయన పేరు వినని ఊరు ఈ ప్రాంతంలో లేదు. అయితే ఆ పోరుకు మూలకారణాల్లో ముఖ్యమైనది అడవి అన్న సంగతి చాలామంది మరచిపోతున్నారు.

సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు ఊరూరా తిరిగి మధ్యలోనే ఆగింది. దేశాటన చేసి 1917లో కృష్ణదేవిపేట చేరారు. గిరిజనులకు మందులిచ్చారు. తాగుడు మానమని, తగవులు పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పారు. క్రమంగా వారి కష్టాలన్నీ ఆయన చెవిన పడ్డాయి.

గిరిజనుల బతుకు పోడు మీద ఆధారపడింది. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లుతారు. రెండు మూడు పంటల తరువాత ఆ నేలను వదిలి వేరేచోటికి పోతారు. వదిలిన నేలలో మళ్లీ అడవి మొలిచి సత్తువ చేరుతుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవుల్లో పోడు నేరమైంది. పశువుల మేతకు, వెదురుకు, వంటచెరకుకు కూడా అధికారుల దయ కావలసి వచ్చింది. అడవిని కాపాడడానికే అని సర్కారు చెప్పింది. కాని కలప మీద రాబడి మాత్రం సర్కారుదే అయింది. దీనికి తోడు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత చాకిరీ చేయించారు.

గాం గంటందొర, మల్లుదొర వంటివారు రాజుగారి వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతులయ్యారు. సర్కారు మలబారు పోలీసులను, ఆ తరువాత అస్సాం రైఫిల్స్‌ను దించింది. కొండ దారులు తెలిసిన గిరిజనుల అండతో రాజుగారు రెండేళ్లు చిక్కలేదు. చివరకు మంప వద్ద దొరికిన ఆయనను 1924 మే 7న కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చిచంపారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

అడవిలో తరతరాలుగా ఉన్నవారి హక్కును చట్టం గుర్తించడానికి 2006 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అది హక్కుతో పాటు అడవిని, నీటివనరులను కాపాడే బాధ్యతను కూడా గ్రామసభకే అప్పగించింది. జనం పెరిగి, పోడు నేలకు విశ్రాంతి తగ్గితే కొండ బోసిపోతుంది. వానకు మట్టి కొట్టుకువచ్చి దిగువ చెరువులు పూడుతాయి. అందువల్ల కొండ మీద అడవి నిలవడం గిరిజనుడికి ఎంత అవసరమో, మైదానంలోని రైతుకూ అంతే అవసరం. అడవిలో బతికేవారిని వెళ్లగొట్టి అడవిని కాపాడలేమన్నదే మన్యం పోరు చెప్పిన పాఠం.