పంతులుగారి పసుపుపచ్చ సీసా
(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవిత విశేషాలు)

ఇండియా నుంచి అమ్మమ్మగారో తాతగారో మన క్యారీకి వచ్చి పెట్టె విప్పితే, ఆవకాయ సీసాతోనూ అరిసెల పొట్లంతోనూ పాటు మరొక చిన్న వస్తువు బయటికి వస్తుంది. అదే అమృతాంజనం. మూత తీస్తే చాలు, ఇల్లంతా ఆ ఘాటు వాసన నిండుతుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ముక్కు మూసుకుంటారు. మనకు మాత్రం చిన్ననాటి జ్వరాలూ, నుదుట మందు రాసిన అమ్మ చెయ్యీ జ్ఞాపకం వస్తాయి. ఆ సీసాను లోకానికి ఇచ్చిన మహనీయుని కథ మన పిల్లలకు చెప్పిన ఇళ్లు ఎన్ని ఉన్నాయి? ఈ ఉత్సవ సందర్భంలో ఆ కథ చెప్పుకోవాలని మేము సంకల్పించడానికి ఒక కారణం ఉంది.

మన ఇళ్లలో ఇటీవల ఒక ప్రశ్న తరచుగా వినవస్తోంది. అబ్బాయో అమ్మాయో చదువు ముగించి, రీసెర్చ్ ట్రయాంగిల్‌లో ఏదో ఒక సంస్థలో మంచి ఉద్యోగంలో చేరతారు. సాయంకాలాలు, శని ఆదివారాలు సొంతంగా చిన్న వ్యాపారమేదో మొదలుపెడతారు. కొంత కాలానికి, ఉద్యోగం మానేస్తే ఎలా ఉంటుందని భోజనాల బల్ల దగ్గర అడుగుతారు. తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుంది. మనం వచ్చిన రోజుల్లో మనలో చాలామందికి వీసా ఉద్యోగం ఇచ్చిన సంస్థతో ముడిపడి ఉండేది. ఆ ఉద్యోగం పోతే జీతమే కాదు, ఈ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమయ్యేది. నెల జీతం మీద మనకున్న మమకారం పిరికితనం కాదు. అనుభవం నేర్పిన పాఠం. అయితే మన పిల్లల పరిస్థితి వేరు. మరి వాళ్లకు ఏమని చెప్పాలి? ఈ ప్రశ్నకు వెనుకటి తరంలో తన జీవితంతోనే జవాబు చెప్పిన తెలుగువారు నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. చదువు సొంత ఊళ్లోనూ, తరువాత మచిలీపట్నంలోనూ సాగింది. ఆపైన చెన్నపట్నం వెళ్లి క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని వ్యాసాలు ఈ యువకుని మనస్సులో గట్టిగా నాటుకున్నాయి. ఒక పత్రిక ఒక జాతిని కదిలించగలదన్న విశ్వాసానికి బీజం అక్కడే పడిందని మేము భావిస్తున్నాము.

1891లో పట్టభద్రుడంటే ఏమిటో ఈనాటి వారికి ఊహకు అందదు. జిల్లా మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉండేవారు. సర్కారు కొలువు పిలిచి పీట వేసేది. లేదా లా చదివి ప్లీడరైతే నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. ఏ దారి పట్టినా ఊళ్లో గౌరవం, ఇంట్లో నిశ్చింత. పైగా చదువుకున్న పంతుళ్ల ఇళ్లలో వ్యాపారమంటే చిన్నచూపు ఉండేది. తక్కెడ పట్టడం మనకు తగిన పని కాదనే వారు ఎక్కువ. అటువంటి కాలంలో నాగేశ్వరరావుగారు నడిచిన దారి వేరు.

ఆయన మొదట చెన్నపట్నంలో కొంత కాలం వ్యాపారపు పని చూశారు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో మెళకువలు నేర్చుకున్నారు. ఆ తరువాత బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగం చేశారు. అక్కడ శ్రద్ధగా పనిచేసి త్వరలోనే పై స్థానానికి ఎదిగారు. తెలుగు మాట వినబడని ఊళ్లలో, పరాయి వారి లెక్కల పుస్తకాల మధ్య గడిపిన రోజులవి. మన ప్రవాస జీవితానికీ ఆనాటి వారి ప్రవాసానికీ పోలిక చూడండి. రైలు దిగితే భాష వేరు, తిండి వేరు, ఎరిగిన ముఖం లేదు. ఆ ఒంటరితనంలో ఆయన ఒక సంగతి బాగా గమనించారు. మందు తయారు చేయడం ఒక విద్య. దాన్ని జనం దగ్గరకు చేర్చడం ఇంకొక విద్య. రెండింటినీ ఇతరుల కొలువులోనే నేర్చుకున్నారు.

జీతం కోసం పనిచేసినా, జీతమే గమ్యమని ఆయన అనుకోలేదు. సొంత కాళ్ల మీద నిలబడాలనే కోరిక మనస్సును వదలలేదు. చివరకు 1893లో, ఇరవై ఆరేళ్ల వయస్సులో, బొంబాయిలో అమృతాంజనాన్ని ప్రారంభించారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి దినుసులతో చేసిన లేపనం అది. తలనొప్పికీ, జలుబుకూ, ఒంటి నొప్పులకూ రాసుకునే మందు. మొదట్లో సీసా వెల పది అణాలు. అణాలంటే తెలియని పిల్లలకు ఒక మాట చెప్పాలి: పదహారు అణాలు ఒక రూపాయి. ఆ రోజుల్లో అది తక్కువ సొమ్ము కాదు. ముక్కూ మొహం తెలియని మందుకు అంత డబ్బు ఎవరు పెడతారు?

ఇక్కడే పంతులుగారి తెలివి బయటపడింది. సంగీత కచేరీలు జరిగే చోటికి అమృతాంజనం పంపి, వచ్చిన వారికి ఉచితంగా పంచిపెట్టే ఏర్పాటు చేశారు. గంటల తరబడి జనం మధ్య కూర్చున్న వారికి తలనొప్పి రావడం సహజం. అక్కడే మందు రాసుకుని, అక్కడే గుణం చూసుకుని, ఇంటికి వెళ్లి నలుగురికీ చెప్పేవారు. ఈనాడు కళాశాలల్లో ప్రత్యేకంగా బోధించే అమ్మకపు శాస్త్రాన్ని ఆయన ఏ కళాశాలలో చదివారు? కొలువు చేసిన అంగళ్లే ఆయనకు కళాశాలలు. అమృతాంజనం దేశమంతటా పాకింది. పంతులుగారు లక్షాధికారి అయ్యారు.

కథ ఇక్కడితో ఆగితే ఆయన ఒక గొప్ప వర్తకుడుగా మిగిలేవారు. మనం ఇన్నేళ్ల తరువాత తలుచుకునే అవసరం ఉండేది కాదు.

1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు హాజరయ్యారు. దేశమంతా కదులుతున్న ఆ సమయంలో తెలుగువారికి తమ భాషలో సమర్థమైన వార్తాపత్రిక కావాలని ఆయనకు తోచింది. మరుసటి సంవత్సరం, 1908లో, బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగుదేశానికి అంత దూరాన తెలుగు పత్రిక! పరాయి ఊళ్లో కూర్చుని సంచికలు వేసుకునే మన బోటి వారికి ఆయన ముత్తాత వంటి వారనవచ్చు. 1914లో మకాం చెన్నపట్నానికి మార్చి ఆంధ్రపత్రికను దినపత్రికగా తీర్చిదిద్దారు. 1924లో భారతి మాసపత్రిక వెలువడింది. తెలుగు సాహిత్య పరిశోధనకూ, కొత్త కవిత్వానికీ, కథకూ అది దశాబ్దాల పాటు నిలయమైంది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి మంచి పుస్తకాలను చౌకవెలకు పాఠకులకు అందించారు.

మనం బాగా గ్రహించవలసిన విషయం ఇదే. ఈ పత్రికలూ గ్రంథమాలా ఆదాయం కోసం పెట్టినవి కావు. వాటిని నిలబెట్టింది అమృతాంజనం రాబడి. అంటే ఉద్యోగం కాదనుకుని ఆయన పెట్టిన వ్యాపారమే కొంత కాలానికి ఆయనకు స్థిరమైన జీవనాధారమైంది. పత్రిక ఆయన ప్రాణం పెట్టిన రెండో వ్యాపకమైంది. మొదటిది రెండోదాన్ని పోషించింది. జీతమా, వ్యాపారమా అని మనం తర్కించుకుంటూ ఉంటాము. ఆయన జీవితం మనల్ని వేరొక ప్రశ్న అడుగుతుంది: సంపాదన ఏ దారిన వచ్చినా, అది దేనికోసం?

వ్యాపారమంటే అందరికీ అమృతాంజనమే అవుతుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. మనం ఉంటున్న ఈ నార్త్ కరొలైనా రాష్ట్రంలోనే పంతులుగారి జోడు వంటి కథ ఒకటి ఉంది. కేలబ్ బ్రాడ్‌హామ్ అనే మందుల దుకాణదారు కూడా 1867 మే నెలలోనే పుట్టాడు. మన పక్కనున్న చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. వైద్యవిద్యలో చేరాడు గాని, తండ్రి వ్యాపారం దివాలా తీయడంతో ఆ చదువు మధ్యలోనే ఆగింది. కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేసి, న్యూ బర్న్ పట్టణంలో మందుల దుకాణం పెట్టాడు. సరిగ్గా 1893లో, అమృతాంజనం పుట్టిన ఏడే, ఆ దుకాణంలో తన సొంత పానీయం ఒకటి తయారు చేసి అమ్మసాగాడు. 1898లో దానికి పెప్సీ కోలా అని పేరు మార్చాడు. 1902లో కంపెనీ పెట్టాడు. వ్యాపారం ఎంతో పెరిగింది. అయితే మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక చక్కెర ధర విపరీతంగా పెరిగింది. ఇంకా పెరుగుతుందనుకుని నిల్వలు కొన్నాడు. ధర పడిపోయింది. 1923లో కంపెనీ దివాలా తీసింది. బ్రాడ్‌హామ్ మళ్లీ తన మందుల దుకాణంలోకే వెళ్లి పని చూసుకున్నాడు. ఆయన పానీయం ఇతరుల చేతుల్లో లోకమంతా ప్రసిద్ధి కెక్కింది.

ఈ కథలో అవమానమేమీ లేదు. తిరిగి వెళ్లడానికి ఆయన చేతిలో ఒక విద్య ఉంది. మన పిల్లలు సొంత దారి తొక్కాలనుకుంటే మనం చూడవలసినది ఇదేనని మా అభిప్రాయం. చేతిలో విద్య గట్టిగా ఉందా? ఆ పనిలోని లోతుపాతులు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా? పోతే ఎంత పోతుందో లెక్క వేసుకున్నారా?

పంతులుగారి తరువాతి జీవితం తెలుగువారి చరిత్రలో భాగమే. ఆంధ్ర కాంగ్రెసుకు నాయకత్వం వహించారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. జైలులో కూర్చుని భగవద్గీతపై వ్యాఖ్య రాశారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. అడిగిన వారికి లేదనకుండా దానం చేశారు. అందుకే ప్రజలు ఆయన్ని దేశోద్ధారకుడన్నారు, విశ్వదాత అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు కలిసి చేసుకున్న ఒడంబడికకు చెన్నపట్నంలోని ఆయన ఇల్లే వేదిక అయింది. ఆ ఇంటి పేరు మీదనే దానికి శ్రీబాగ్ ఒడంబడిక అని పేరు వచ్చింది. ప్రత్యేకాంధ్ర రాష్ట్ర స్వప్నం నెరవేరకముందే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు.

ఆంధ్రపత్రిక, భారతి 1991 ప్రాంతంలో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం ఈనాటికీ దొరుకుతోంది. మైలాపూరులో ఆయన పేరిట ఉన్న పార్కులో ఈనాటికీ పిల్లలు ఆడుకుంటున్నారు. ఆయన అచ్చువేయించిన భారతి పాత సంచికలను పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు. వ్యాపారం బతికి ఉంది, పత్రిక ఆగిపోయింది గదా అని ఎవరైనా అనవచ్చు. ఎనభై ఏళ్లకు పైగా ఒక జాతికి వార్తలు చెప్పి, చదువు చెప్పి, తన పని ముగించుకున్న పత్రికను ఆగిపోయిందని అనడానికి మాకు మనసొప్పదు.

ఈసారి భోజనాల బల్ల దగ్గర ఆ ప్రశ్న వచ్చినప్పుడు వెంటనే వద్దనకండి, వెంటనే సరేననకండి. అమ్మమ్మగారి పెట్టెలోని పసుపుపచ్చ సీసాను బల్ల మీద పెట్టండి. పంతులుగారి కథ చెప్పండి. న్యూ బర్న్ మందుల దుకాణం కథా చెప్పండి. ఆపైన నిర్ణయం పిల్లలకు వదలండి. వాళ్లు ఏ దారిన వెళ్లినా, సంపాదించిన దానిలో కొంత మన భాషకూ, మనుషులకూ చేరితే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికి క్యారీ తెలుగువారు సమర్పించగల నివాళి అంతకు మించినది లేదు.