ఘంటసాల వారి మూడు రికార్డులు

ఘంటసాల అనగానే మన సభ్యులలో ఎవరికైనా సినిమా పాటే ముందు గుర్తుకు వస్తుంది. అది సహజమే. మూడు దశాబ్దాల పాటు తెలుగు తెరపై కథానాయకుడు నోరు విప్పితే వినిపించింది ఎక్కువగా ఆయన గొంతే. అయితే ఈ ప్రత్యేక సంచికలో నేను సినిమా పాటల జోలికి ఎక్కువగా పోదలచుకోలేదు. ఏ సినిమాకూ చెందని ఆయన రికార్డులలో మూడింటి గురించి చెబుతాను. 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి', 'భగవద్గీత'. మొదటి రెండూ ఆయన పద్యాన్ని తీర్చిదిద్దాయి. మూడవది ఆయన చివరి శక్తిని తీసుకుంది. ఆయన సినిమాలో పాడిన పద్యానికి కూడా మూలం ఈ ప్లేట్లలోనే ఉందని నా అభిప్రాయం.

శ్రీ ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ తాలూకా చౌటపల్లిలో జన్మించారు. పామర్రు నుంచి సైకిలు మీద పోయి రాగల దూరం. మన కూడలి చుట్టూ ఉన్న నేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. దక్షిణంగా నాలుగడుగులు వేస్తే కూచిపూడి, ఇంకాస్త పోతే క్షేత్రయ్య గారి మొవ్వ. ఈ ప్రాంతంలో పాట, పద్యం, అభినయం వేరువేరు ఇళ్ళలో కాపురం ఉండేవి కావు. ఘంటసాల వారి తండ్రి సూర్యనారాయణ గారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. తండ్రి పాడుతుంటే చిన్నవాడు ఆడేవాడు. ఆ ఆట చూసి జనం బాలభరతుడని ముద్దుగా పిలిచేవారట. సాహిత్యంలోని భావాన్ని శరీరంతో పట్టుకోవడం ఆయనకు స్వరాల కంటే ముందే అలవడిందన్నమాట.

పదకొండవ ఏట తండ్రి పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. మేనమామ కుటుంబానికి అండగా నిలిచారు. సంగీతం చెబుతామన్న వారి ఇళ్ళలో ఆ కుర్రవాడు వంట చేశాడు, బట్టలు ఉతికాడు. పని మిగిలింది గాని విద్య అంతగా రాలేదు. చివరకు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం బండి ఎక్కాడు. తీరా వెళితే మహారాజా వారి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఉండడానికి చోటు ఇచ్చారు. తిండికి మధుకరమే గతి. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి తెచ్చుకున్న అన్నంతో చదువు సాగింది.

అక్కడ ఆయనను దగ్గరకు తీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు చినగురువు గారంటే ఆ ప్రాంతం వారికి బాగా తెలుసు. కర్ణాటక సంగీతం చెబుతూనే తెలుగు మాట స్పష్టంగా పలకాలని పట్టుబట్టే గురువు దొరకడం ఘంటసాల వారి జీవితంలో అతి పెద్ద అదృష్టం అంటాను. రాగం గొప్పదే, కాని రాగం కోసం మాటను విరగగొట్టరాదు. శిష్యుడు జన్మంతా ఈ నియమాన్ని దాటలేదు.

చదువు ముగించి చౌటపల్లి తిరిగి వచ్చి ఉత్సవాల్లో, పెళ్ళిళ్ళలో కచేరీలు చేశారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి బళ్ళారి దగ్గర అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు గడిపారు. 1944లో సావిత్రి గారితో వివాహం. తన పెళ్ళికి తానే కచేరీ చేసుకున్న పెళ్ళికొడుకు ఆయన. అత్తవారి వైపు ఊళ్ళలోనే సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారు ఆ గొంతు విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసు మొదట్లో అన్నం పెట్టలేదు. పానగల్ పార్కులో రాత్రులు గడిచాయి. 'సీతారామ జననం' (1944) బృందగానంలో ఒక గొంతుగా, 'స్వర్గసీమ' (1945)లో భానుమతి గారితో యుగళగీతంగా అవకాశాలు వచ్చాయి. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత సంగీతం పాడించారు. గ్రామఫోను కంపెనీ తలుపు మాత్రం అంత తేలికగా తెరుచుకోలేదు. మొదటి పరీక్షలో ఆ కంఠం రికార్డుకు పనికిరాదని తేల్చారు. తరువాత హెచ్.ఎమ్.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం గారు (ఆపైన నటుడిగా మనకు తెలిసినవారే) ఆయన చేత పాడించారు. ఆ రోజు శివరాం గారు కూడా కాదని ఉంటే ఏమయ్యేదో మనం ఊహించుకోవలసిందే.

ఇక్కడ కాస్త ఆగి ప్లేటు సంగతి చెప్పాలి. ఇంట్లో పిల్లలకు ఇది వివరించాల్సిన కాలం వచ్చింది. పది అంగుళాల లక్క ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు పాడేది సుమారు మూడు నిమిషాలు. అంతే. ఆపైన ముల్లు మధ్యలోకి చేరి గరగరలాడుతుంది. మీ గానం గంగా ప్రవాహమైనా సరే, ఆ మూడు నిమిషాలలో ఇమడాలి.

మరి అప్పటికి మన పద్యం ఎలా ఉండేది? రంగస్థలం మీద పద్యం రాజ్యమేలిన కాలం అది. కపిలవాయి రామనాథశాస్త్రి గారి ప్లేట్లు తెలుగుదేశమంతటా మారుమోగాయి. కల్యాణం రఘురామయ్య, అద్దంకి శ్రీరామమూర్తి, బందా కనకలింగేశ్వరరావు గార్ల పేర్లు చెబితే బండ్లు కట్టుకుని కంట్రాక్టు నాటకాలకు వెళ్ళిన రోజులవి. మైకు లేని మైదానంలో చివర కూర్చున్న రైతుకు కూడా వినపడాలి కాబట్టి గొంతెత్తి పాడారు. జనం మళ్ళీ మళ్ళీ అడిగేవారు కాబట్టి రాగం సాగదీశారు. ఒక్క పద్యం పది నిమిషాలు సాగినా ఆశ్చర్యం లేదు. హార్మోనిస్టు చేతులు పడిపోయేవేమో గాని జనానికి తృప్తి తీరేది కాదు. ఆ మహానుభావులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారి అవసరం అది, వారి వైభవం అది. కాని నాలుగు పాదాల పద్యంలో మూడు పాదాలు అర్థం కాకుండానే మనం చప్పట్లు కొట్టిన సందర్భాలు లేవా?

ఘంటసాల వారి తరం మైకు తరం. ఎదురుగా మైకు ఉంది కనుక అరవనక్కరలేదు. మూడు నిమిషాలే ఉన్నాయి కనుక సాగదీయడానికి వీల్లేదు. ఈ రెండు నిర్బంధాలనూ ఆయన వరాలుగా మార్చుకున్నారు. 'పుష్పవిలాపం' వినండి. గుంటూరులో అధ్యాపకులుగా ఉన్న జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, మన 'కరుణశ్రీ', 'ఉదయశ్రీ'లో చేర్చిన ఖండిక అది. పూజకు పూలు కోయబోయిన కవికి ఆ పూలే తమ గోడు చెప్పుకుంటాయి. ఘంటసాల వారు పద్యం ఎత్తుకునే ముందు రాగాన్ని కొద్దిగా చూపిస్తారు, అంతే. తరువాత మాట మాటా విడివిడిగా వినిపిస్తుంది. సమాసం ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది, ఊపిరి కోసం మరోచోట విరగదు. పువ్వు నిష్ఠూరమాడేచోట గొంతు సన్నబడుతుంది, నిందించేచోట గట్టిపడుతుంది. ఆలాపన పాదం చివర వస్తుంది, అది కూడా చెప్పిన మాట మన మనసులో దిగడానికి పట్టేంత సేపే.

'కుంతీకుమారి' ఇంకా కష్టమైన పని. పెళ్ళికాని తల్లి పసికందును పెట్టెలో పెట్టి గంగలో వదిలే ఘట్టం. దీన్ని స్టేజీ మీద అయితే ఏడుపుతో నింపవచ్చు. ఏడిస్తే ప్లేటు మీద మాట చెడుతుంది. ఆయన ఏడవలేదు, ఏడుపును ఆపుకుంటున్న గొంతుతో పాడారు. వినేవారి కళ్ళే తడిశాయి. చదువురాని తల్లులకు సైతం కరుణశ్రీ పద్యాలు కంఠతా వచ్చాయంటే ఆ ప్లేట్ల చలవే. పుస్తకం వెళ్ళలేని గడపలకు పద్యాన్ని ప్లేటు తీసుకెళ్ళింది. కొబ్బరిచెట్టుకు కట్టిన మైకు గొట్టంలో, తెల్లవారుజామున పెళ్ళిపందిట్లో ఆ పద్యాలు విన్నవారు మనలో ఇంకా చాలామంది ఉన్నారు.

పాత నాటకాల అభిమానులు కొందరు మాత్రం పద్యం రెక్కలు కత్తిరించాడని నొచ్చుకునేవారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. తెల్లవార్లూ సాగే పద్యంలో ఉండే విశాలం ప్లేటులో లేదు. ఒకటి పొందితే ఇంకొకటి పోయింది. ఏది ఎక్కువ విలువైనదో ఎవరి చెవి వారికి చెబుతుంది. నా మటుకు నాకు మాట వినిపించడమే ముఖ్యం.

ఈ ప్లేటు పద్యమే తెర మీదికి వచ్చింది. మన మండలంలోని నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన నందమూరి తారక రామారావు గారు ఘంటసాల వారి కంటే ఆరు నెలలు కూడా చిన్నవారు కారు. రామారావు గారు మొదటిసారి కనిపించిన 'మనదేశం' (1949)కు సంగీతం ఘంటసాల వారిదే. పక్క పక్క ఊళ్ళ ఇద్దరూ మద్రాసులో ఒకరు రూపం, ఒకరు గొంతు అయ్యారు. 'లవకుశ' (1963), 'పాండవ వనవాసం' (1965) సంగీతం ఆయనే చేశారు. 'శ్రీకృష్ణావతారం' (1967)లో తిరుపతి వేంకటకవుల ఉద్యోగపర్వం పద్యాలు పాడారు. రాత్రంతా స్టేజీ మీద విన్న పద్యాలే అవి, కాని వేగం ప్లేటుది.

మధ్యలో జరిగినవి త్వరగా చెబుతాను. 'పాతాళభైరవి' (1951) నుంచి కీర్తి ఇంటింటికీ చేరింది. 'పరోపకారం', 'సొంతవూరు', 'భక్త రఘునాథ్' స్వయంగా నిర్మించి డబ్బు పోగొట్టుకున్నారు. ఈ వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదు. హిందుస్తానీ మహావిద్వాంసులు బడే గులాం అలీఖాన్ గారు మద్రాసు వస్తే ఘంటసాల వారింట్లో బస చేసేవారు. కీర్తి శిఖరాన ఉన్నవాడు ఇంకొకరి ముందు శిష్యుడిలా కూర్చోవడం చిన్న విషయం కాదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా తిరిగి పాడి వచ్చారు.

అప్పటికే చక్కెరవ్యాధి ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. భగవద్గీత పాడాలన్న సంకల్పం ఆ పడకమీద గట్టిపడింది. ఇప్పుడు ప్లేటు మారింది. లక్క పోయి వినైల్ వచ్చింది, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. తొందర లేదు. అయినా పాతికేళ్ళ క్రితం నేర్చుకున్న పొదుపును ఆయన వదల్లేదు. ఏడువందల శ్లోకాలలో నూటికి పైగా ఏరుకున్నారు. శ్లోకం పాడి, దాని తాత్పర్యాన్ని తెలుగు వచనంలో తానే చదివారు. ఆ వచనం చదివిన తీరు గమనించారా? పురాణం చెప్పినట్లు సాగదీయలేదు, రేడియో వార్తల్లా పొడిగా లేదు. పక్కన కూర్చుని నింపాదిగా చెప్పే పెద్దమనిషి గొంతు అది. విజయనగరం గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు చాలా ఏళ్ళుగా ఆయనకు సహాయకులు. ఈ పనిలో కూడా తోడున్నారు. తండ్రి దగ్గర నేర్చినది కొడుకు పక్కన ఉండగా పూర్తయింది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వారు మద్రాసులో కన్నుమూశారు. వయసు 51. గీత రికార్డు బయటికి వచ్చింది ఆ తరువాతనే. జనం చేతుల్లో దాన్ని ఆయన చూడలేదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ఈ రోజున ఏ వీధిలోనైనా ఆ గీత వినిపిస్తే మనం ముందు అడిగే ప్రశ్న, ఎవరు పోయారని. పాడె ముందు, వైకుంఠరథం మీద, పెద్దకర్మ పందిట్లో తప్ప ఆ రికార్డు పెట్టడానికి జనం జంకుతున్నారు. ఇంట్లో పెడితే అపశకునమనే కోడళ్ళు, కొడుకులు కూడా ఉన్నారు. యుద్ధభూమిలో చేతులు జారిన బతికున్నవాడిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. చావు గడప దాకా వెళ్ళి వచ్చిన మనిషి, బతికున్నవారి కోసం ఓపిక కూడదీసుకుని పాడిన పాట అది. దాన్ని శవయాత్రకు అప్పగించి కూర్చున్నాం. మన సంఘంలో ఒకరిద్దరు సభ్యులు రోజూ ఉదయం కాఫీ వేళ కొంచెం కొంచెంగా గీత వింటున్నారని తెలిసి సంతోషించాను. ఇరుగుపొరుగు వచ్చి పరామర్శించిన సందర్భాలూ ఉన్నాయట!

సంగీతరావు గారు నూరేళ్ళు జీవించి 2021లో వెళ్ళిపోయారు. వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చినది కూడా వారే. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఘంటసాల వారి పేరు పెట్టుకుంది. 2003లో తపాలా బిళ్ళ వచ్చింది. 2022లో శతజయంతి జరిగింది.

చివరగా సభ్యులకు మనవి. పాత 78 ప్లేట్లు ఎవరి అటక మీదైనా ఉంటే పాత సామాన్ల వాడికి వేయవద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగిపోతాయి, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. లక్కవి కాబట్టి కింద పడితే పలకలా పగులుతాయి. స్పిరిటుతో అసలు తుడవకండి, లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. గ్రామఫోను పెట్టె పనిచేసే స్థితిలో ఉన్నవారు తెలియజేస్తే వచ్చే నెలసరి సమావేశంలో 'పుష్పవిలాపం' రెండు వైపులా విందాం. ముల్లు మాత్రం వైపుకొకటి కొత్తది వేయాలి.