విద్యాదాత్రి దుర్గాబాయి దేశ్‌ముఖ్

చదువు అందరికీ ఒకే విధంగా అందదు. పేదరికం కొందరిని, బాల్యవివాహం కొందరిని, వైధవ్యం, అంగవైకల్యం మరికొందరిని బడికి దూరం చేస్తాయి. వయస్సు దాటిపోయిన తరువాత పోయిన చదువు తిరిగి దక్కడం దుర్లభం. అలా విద్యకు దూరమైన స్త్రీలకోసం, బాలికలకోసం సంస్థలు నెలకొల్పి, చదువును జీవనోపాధితో ముడివేసి, వారు తమ కాళ్లపై తాము నిలబడేటట్లు చేసిన సంఘసేవిక దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వయంగా బడికి దూరమై, మొక్కవోని పట్టుదలతో తిరిగి విద్యను సాధించుకొన్న అనుభవమే ఆమె కృషికి మూలబలం.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆ కాలపు ఆచారాన్ని అనుసరించి ఎనిమిదేళ్ల ప్రాయంలోనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత, తన ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండా ఏర్పడిన ఆ బంధాన్ని ఆమె వదులుకొన్నారు. పుట్టింటివారు ఆమె నిర్ణయానికి అండగా నిలిచారు. పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని నిర్బంధం చేయడాన్ని నిరసించి చిన్ననాడే బడి మానివేశారు. బడి మానినా చదువు మానలేదు. హిందీ నేర్చుకొని, తోటి బాలికలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాలను ప్రారంభించారు. విద్యార్థినిగా ఉండవలసిన వయస్సులో ఆమె ఉపాధ్యాయిని అయ్యారు.

1921లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసినప్పుడు దుర్గాబాయికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని ఆమె సంకల్పించారు. వారికోసం ప్రత్యేకంగా సభ జరపాలంటే ఉద్యమనిధికి రూ.5,000 సమకూర్చాలని నిర్వాహకులు షరతు పెట్టారు. ఆ బాలిక వెనుకంజ వేయలేదు. దేవదాసీల సహకారంతోనే ఆ మొత్తాన్ని పోగుచేశారు. సభలో గాంధీజీ హిందుస్తానీ ప్రసంగాన్ని ఆమె తెలుగులోకి అనువదించిన తీరు ఆయనను ఎంతగానో ఆకట్టుకొంది. సమాజం దూరంగా ఉంచినవారిని దగ్గరకు తీసుకోవడమనే ఆమె జీవితసూత్రం ఆనాడే అంకురించింది.

1923లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలిచారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోనికి అనుమతించలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే ఆయనకు ప్రవేశం లభించింది. ఆ బాలిక కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకొన్నారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని దుర్గాబాయి కారాగారానికి వెళ్లారు. 1933 వరకు పలుమార్లు శిక్ష అనుభవించారు. మధుర కారాగారంలోని ఏకాంతవాసం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అయితే కారాగారం ఆమెకు ఒక సత్యాన్ని బోధించింది. అక్కడి స్త్రీలలో ఎందరికో అక్షరజ్ఞానం లేదు. తమపై మోపిన నేరమేమిటో, చట్టం తమకు ఇచ్చే రక్షణ ఏమిటో తెలియకనే వారు శిక్ష అనుభవిస్తున్నారు. అజ్ఞానమే వారికి అసలు సంకెల అని గ్రహించిన దుర్గాబాయి న్యాయశాస్త్రం అభ్యసించాలని నిశ్చయించుకొన్నారు.

కాని ఆమెకు మెట్రిక్యులేషను కూడా లేదు. విడుదలైన తరువాత పట్టుదలతో చదివి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యారు. అనంతరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదవాలనుకొన్నారు. వాల్తేరులో ఆనాడు స్త్రీలకు వసతిగృహం లేదు. ఆమె పత్రికా ప్రకటన ద్వారా చదువుపై ఆసక్తిగల మరికొందరు యువతులను సమీకరించి, వసతి ఏర్పాటుకు పూనుకొన్నారు. తనకు ఎదురైన అడ్డంకిని తొలగించుకొంటూ ఇతరులకు కూడా బాట వేయడం ఆమె స్వభావం. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, అక్కడి హైకోర్టులో న్యాయవాదిగా పనిచేశారు.

మద్రాసులో చదువుకొంటున్న రోజులలోనే ఆమె సేవాసంస్థకు రూపమిచ్చారు. మైలాపూరులో చిన్నపిల్లలకు ఆటపాటలు నేర్పే బృందంగా మొదలైన ప్రయత్నం 1937లో ఆంధ్ర మహిళా సభగా వికసించింది. చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్తల నిరాదరణకు గురైనవారు అక్కడికి వచ్చారు. తాను ఉత్తీర్ణురాలైన బెనారస్ మెట్రిక్యులేషను పరీక్షకే వారికి శిక్షణ ఇప్పించారు. చేతివృత్తులు నేర్పించారు. వట్టి సానుభూతి ఆకలి తీర్చదనీ, చదువు, పని రెండూ చేతికి వచ్చినప్పుడే స్త్రీకి స్వాతంత్ర్యం సిద్ధిస్తుందనీ ఆమె విశ్వసించారు. కాలక్రమంలో ఆ సభ వైద్యరంగానికీ విస్తరించి, పోలియో బాధిత బాలబాలికలకు చికిత్స అందించే కేంద్రాన్ని కూడా నెలకొల్పింది.

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల జాబితాలో ఉన్న ఏకైక మహిళ ఆమెయే. 1952 ఎన్నికలలో ఆమె పరాజయం పొందారు. ఆ ఓటమి ఆమె సేవకు అవరోధం కాలేదు. అదే సంవత్సరం ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమితులయ్యారు. 1953 జనవరి 22న ఆనాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. బడి వయస్సు దాటిన స్త్రీలు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయడానికి వీలుగా సంక్షిప్త విద్యాశిక్షణ పథకాన్ని ఆ మండలి 1958లో ప్రవేశపెట్టింది. మైలాపూరులో కొద్దిమందికి అందిన అవకాశం దేశమంతటా విస్తరించింది. అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి, వారికి పాఠశాల, వసతిగృహం, వృత్తిశిక్షణ కర్మాగారం ఏర్పడేందుకు ఆమె పాటుపడ్డారు.

1958లో భారత ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి దుర్గాబాయి అధ్యక్షత వహించారు. బాలికల విద్యను ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి, దానికి తగిన నిధులు కేటాయించి, బాలబాలికల చదువుల మధ్యనున్న అంతరాన్ని తొలగించాలని ఆ సంఘం 1959లో నివేదించింది.

దేశ్‌ముఖ్ దంపతులు తమ చివరి సంవత్సరాలను హైదరాబాదులో గడిపారు. కాచిగూడ దాటి విద్యానగర్ మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాకల వైపు సాగే ప్రాంతం ఆమె కృషికి నిలయమైంది. ఆంధ్ర మహిళా సభ అక్కడ మహిళా కళాశాలను, వైద్యశాలను, వయోజన విద్యకోసం సాక్షరతా భవనాన్ని నెలకొల్పింది. విశ్వవిద్యాలయపు మేధావులు నడిచే ఆ బాటలోనే అక్షరం ఎరుగని స్త్రీ కూడా చదువుకోసం నడిచేందుకు వీలు కలిగింది. సమీపంలోని డి.డి. కాలనీ ఆమె పేరుతోనే వెలసింది.

ఆమె 1971లో నెహ్రూ సాక్షరతా పురస్కారాన్ని, 1975లో పద్మవిభూషణ్ బిరుదును అందుకొన్నారు. 1981 మే 9న పరమపదించారు.

దుర్గాబాయి జీవితంలో ప్రతి లోటూ ఒక సంస్థకో, సత్కార్యానికో బీజమైంది. బడి మానిన బాలిక బడి పెట్టారు. వసతి దొరకని విద్యార్థిని వసతికి దారి చూపారు. కారాగారంలో నిరక్షరాస్యతను కండ్లారా చూసిన ఖైదీ న్యాయవాది అయ్యారు. తనకు కలిగిన కష్టం మరొకరికి కలుగరాదని తలచడం సౌజన్యం. కలుగకుండా ఏర్పాటు చేయడం సేవ. ఆ సేవకు నిలువెత్తు నిదర్శనం దుర్గాబాయి దేశ్‌ముఖ్.