బుకర్ టి. వాషింగ్టన్

అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో ఒకప్పుడు మనుష్యులను పశువులవలె కొనుటయు, అమ్ముటయు ఆచారమై యుండెను. ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన నల్లజాతివారును, వారి సంతతివారును తెల్లదొరల పొలములలో కూలి లేని చాకిరి చేయుచుండిరి. అట్టి బానిస కుటుంబమున, వర్జీనియా రాష్ట్రములో 1856వ సంవత్సర ప్రాంతమున బుకర్ జన్మించెను. బానిస బిడ్డల పుట్టినదినమును వ్రాసి యుంచువా రెవరును లేరు. తల్లి జేన్ యజమానుని వంటకత్తె. మట్టినేల గల ఒంటిగది గుడిసెయే వారి యిల్లు. తోటకంతకును వంటయిల్లును అదియే. బానిస బాలురకిచ్చు నారచొక్కా క్రొత్తలో ముండ్లవలె గ్రుచ్చుకొనెడిది. అన్న జాన్ తమ్ముని చొక్కాను కొన్నిదినములు తాను తొడిగి, మెత్తపరచి యిచ్చుచుండెను.

1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలకు విముక్తి కలిగెను. కాని విముక్తితోపాటు వారికి భూమి గాని, ధనము గాని లభింపలేదు. జేన్ బిడ్డలను వెంటబెట్టుకొని పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ గ్రామమునకు చేరెను. ఆమె భర్త అచ్చట ఉప్పుబట్టీలలో పనివాడు. బాలుడైన బుకర్ గూడ తెల్లవారుజామున నాలుగు గంటలకే బట్టీకి పోవలసివచ్చెను. ఉప్పుపీపాలపై వ్రాయు 18 అను అంకెయే అతడు మొట్టమొదట నేర్చిన విద్య. కొడుకు ఆసక్తిని గ్రహించి తల్లి యెట్లో ఒక అక్షరమాల పుస్తకమును సంపాదించి యిచ్చెను.

కొంతకాలమునకు పగటి బడికి పోవుటకు అనుమతి లభించెను. కాని తొమ్మిది గంటలవరకు పని చేసి తీరవలెను. బడియు తొమ్మిదింటికే ఆరంభమగును. ఆలస్యమును సహింపలేక బుకర్ ప్రతి ఉదయమును బట్టీలోని గడియారపు ముల్లును అరగంట ముందునకు జరపుచుండెను. అధికారి కనిపెట్టి గడియారమును పెట్టెలో పెట్టి తాళము వేసెను. ఈ తప్పును బుకర్ తరువాత దాచక, తన ఆత్మకథలో తానే చెప్పుకొనెను.

బొగ్గుగనిలో పనిచేయు దినములలో ఇద్దరు కార్మికుల మాటలవలన హాంప్టన్ విద్యాలయమును గూర్చి అతనికి తెలిసెను. బీద విద్యార్థులు అచ్చట పనిచేసి చదువుకొనవచ్చునట. 1872లో అతడు ప్రయాణమాయెను. వీడుకోలు చెప్పవచ్చిన ముసలివారు కొందరు చిల్లరనాణెములను, కొందరు చేతిరుమాళ్లను ఇచ్చి దీవించిరి. దారి సుమారు ఐదువందల మైళ్లు. రిచ్‌మండ్ చేరునప్పటికి చేతిలో కానియైనను లేదు. పగలు ఓడనుండి ఇనుము దింపుచు, రాత్రులు వీధిప్రక్క చెక్కల కాలిబాట క్రింద పండుకొనుచు, కొంత కూడబెట్టి, తుదకు అర డాలరుతో హాంప్టన్ చేరెను. ప్రధానోపాధ్యాయిని మాసిన బట్టల ఆ బాలుని చూచి సందేహించి, ఒక గదిని ఊడ్వుమనెను. అతడు మూడుమారులు ఊడ్చి, నాలుగుమారులు దుమ్ము తుడిచెను. ఆమె చేతిరుమాలుతో గోడలను, బల్లలను రుద్ది చూడగా ధూళి కణమైనను కనబడలేదు. అదియే అతని ప్రవేశపరీక్ష. గదులు ఊడ్చి భోజనవ్యయమును తీర్చుకొనుచు, ఒక దాత జీతము చెల్లింపగా, 1875లో అతడు చదువు ముగించెను.

1881లో అలబామా రాష్ట్రమున టస్కీగీ పట్టణములో నల్లజాతివారికై ఒక పాఠశాల స్థాపించుటకు బుకర్‌ను పిలిచిరి. ప్రభుత్వము ఏటేట రెండువేల డాలర్లు ఇచ్చెడిది. అది ఉపాధ్యాయుల జీతములకే. స్థలము లేదు, భవనము లేదు. జూలై 4వ తేదీన ఒక పాతగుడిసెలో 30 మంది విద్యార్థులతో బడి తెరచిరి.

అంతకుముందు అతడు ఆ ప్రాంతపు పల్లెలను తిరిగి చూచెను. ఒక యింట ఐదుగురు భోజనమునకు కూర్చుండగా అందరికిని ఒకటే ముల్లుగరిట; ఆ యింటి మూలనే వాయిదాలపై కొన్న అరువది డాలర్ల వాద్యపెట్టె! ఇండ్ల గడపలవరకు ప్రత్తియే. కూరమడి యెచ్చటను లేదు. వారి బీదతనమునకు తెలివితక్కువయే కారణమా? కాదు. భూమి దొరది. విత్తనములు, తిండిగింజలు వర్తకుని అప్పు. పండబోవు పంటయే ఆ అప్పునకు తాకట్టు. ప్రత్తి తప్ప వేరొకటి వేసిన అప్పు పుట్టుట కష్టము. పంట చేతికి వచ్చినను లెక్క తేలునప్పటికి బాకీయే మిగులుచుండెను.

దుర్వ్యయమును మాన్పుట తన చేతిలోని పని యని బుకర్ తలచెను. అప్పు లేక బ్రతుకుట, కూరలు పెంచుట, కొద్దికొద్దిగా భూమి కొనుట, ఒక చేతిపనిలో ఆరితేరుట. ఇవియే అతని బోధలు. తానును అట్లే చేసెను. అప్పు చేసి ఐదువందల డాలర్లకు ఒక పాడుపడిన తోటను కొని, విద్యార్థులతో కలిసి గొడ్డలి పట్టి పొదలు నరికెను. ఇటుకబట్టీ మూడుమారులు చెడిపోయెను. చేతిలో డబ్బు లేక తన గడియారమును పదునైదు డాలర్లకు తాకట్టు పెట్టి నాలుగవ బట్టీ కాల్చెను, అది ఫలించెను. ఆ గడియారమును మరల విడిపించుకొనలేకపోయెను. కాని తెల్లవారును ఆ బడి ఇటుకలకై రాసాగిరి.

1895లో అట్లాంటా నగరమున చేసిన ఉపన్యాసముతో అతని పేరు దేశమంతటను మారుమ్రోగెను. రాజకీయపు హక్కులకు తొందరపడక ముందు పనియందు ఎదుగవలెనని అతడు బోధించెను. పండితుడైన డ్యుబోయిస్ 1903లో దీనిని తీవ్రముగా ఖండించెను. ఓటు లేనివాడు సంపాదించిన ఆస్తిని ఎట్లు కాపాడుకొనునని అతని ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. బుకర్‌కును అది తెలియకపోలేదు. బయాన అడుగుకు తీసుకొని పని మానిన కూలివానిని నేరస్థునిగా నెంచు చట్టమొకటి అలబామాలో ఉండెను. దానిపై బెయిలీ అను కూలివాడు నడపిన వ్యాజ్యమునకు బుకర్ రహస్యముగా సాయపడెను. 1911లో అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. బహిరంగముగా స్వయంకృషిని బోధించిన ఆ మహనీయుడు, కృషిని బంధించు సంకెళ్లను చాటుగా తెంచుటకును పాటుపడెను.

1915 నవంబరు 14వ తేదీన బుకర్ టస్కీగీలో కన్నుమూసెను. పాతగుడిసెలో పుట్టిన ఆ బడి అప్పటికి నూరు భవనములతో, సుమారు 1,500 మంది విద్యార్థులతో విలసిల్లుచుండెను. మనుజుడు తన వంతు పని తాను చేయవలెను. ఆ పనికి ఫలము దక్కునట్లు చూచుట సంఘముయొక్క వంతు. ఈ రెండింటిలో ఏది లోపించినను దారిద్ర్యము తీరదని అతని జీవితము చాటుచున్నది.